కాంబీ బాయిలర్‌లో ప్రెషర్ పడిపోయింది: నింపడం ఎలా? మళ్లీ మళ్లీ పడిపోతుంటే ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి):
అద్దె ఇల్లు, వేలంట్ కంపెనీ కాంబీ బాయిలర్ (గదుల్ని వేడిచేసే రేడియేటర్లకీ, కుళాయికీ గ్యాస్‌తో నీళ్లు కాచే పెట్టె). పొద్దున్నుంచి ఎఫ్.22 అని చూపిస్తోంది. రేడియేటర్లు చల్లగా ఉన్నాయి, కుళాయిలో వేడినీళ్లూ లేవు. ప్రెషర్ గేజ్ ముల్లు 0.3 బార్ దగ్గర ఉంది. బాయిలర్ కింద స్టీలు తీగ అల్లిన గొట్టం ఒకటి కనిపిస్తోంది. ఒక చివర నల్ల పిడి ఉంది, రెండో చివర పిడి లేదు. ఏజెంటు సోమవారం దాకా ఎవరూ రారంటున్నారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నేనే నింపుకోవచ్చా? గ్యాస్‌తో ప్రమాదమేమైనా ఉందా?

హీటింగ్ ఇంజనీర్:
నింపుకోవచ్చండీ. ఎఫ్.22 అంటే నీళ్ల ప్రెషర్ తక్కువైందని. ఐడియల్ లాజిక్ అనే బాయిలర్‌లో ఇదే ఎఫ్1 అని వస్తుంది, బాక్సీ కంపెనీ మోడళ్లు చాలావాటిలో ఈ119 అని వస్తుంది. ప్రెషర్ నింపడం ఇంట్లోవాళ్లు చేసుకునే పనే, మాన్యువల్‌లోనే ఉంటుంది. గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. బాయిలర్ ముందు కవరు మాత్రం విప్పకండి. చాలా మోడళ్లలో పొగ గదిలోకి రాకుండా ఆపే సీలు అదే. దాన్ని తీయాల్సింది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హులైనవాళ్ల జాబితాలో) పేరున్నవాళ్లే.

మన ఊళ్లో గీజర్‌కి పై ట్యాంకు నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. ఇక్కడ అలా కాదు. రేడియేటర్లలో తిరిగే నీళ్లు వేరు, కుళాయిలో వచ్చేవి వేరు. రేడియేటర్ల నీళ్లు మూసేసిన పైపుల్లో అవే తిరుగుతుంటాయి. అవి చల్లగా ఉన్నప్పుడు గేజ్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వేడెక్కాక 2 దాకా వెళ్లినా ఫర్వాలేదు. 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది.

ముందు బాయిలర్ స్విచ్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద గేజ్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి నింపితే లెక్క తప్పుతుంది. ఆ అల్లిన గొట్టమే ఫిల్లింగ్ లూప్, అంటే కుళాయి నీళ్లని రేడియేటర్ల పైపుల్లోకి నింపేది. దాని రెండు చివర్ల నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. వదులుగా ఉంటే చేత్తో బిగించి, పానాతో ఇంకో పావు చుట్టు తిప్పండి. కింద ఒక గిన్నె, పాత తువ్వాలు పెట్టుకోండి.

పిడి లేని చివర వాల్వ్ మీద స్క్రూడ్రైవర్ గాటు ఉంటుంది. గాటు పైపు వెంబడి నిలువుగా ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. ముందు దాన్ని పూర్తిగా తెరవండి. తర్వాత నల్ల పిడిని కొద్దికొద్దిగా తిప్పండి. నీళ్లు పారుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తుంది, ముల్లు కదులుతుంది. చూపు ముల్లు మీదే ఉంచండి. వీధి నుంచి వచ్చే నీళ్ల ప్రెషర్ బాగుంటే కొన్ని సెకన్లలోనే 2 దాటిపోతుంది. 1.3 రాగానే పిడి మూసి, గాటు వాల్వ్ కూడా మూయండి. తర్వాత బాయిలర్ ఆన్ చేసి రీసెట్ నొక్కండి.

చప్పుడూ లేక ముల్లూ కదలకపోతే, రెండు వాల్వుల్లో ఏదో ఒకటి ఇంకా మూసే ఉందన్నమాట. పొరపాటున 2.5 దాటితే కంగారు పడొద్దు. ఒక రేడియేటర్ పైమూల ఉన్న బ్లీడ్ స్క్రూని (గాలి వదిలే స్క్రూ) దాని తాళంచెవితో అర చుట్టు తిప్పి, కప్పు పెట్టి కాసిన్ని నీళ్లు వదిలేయండి.

ఇంకొకరు:
అన్నా, నింపాక ఆ గొట్టం విప్పేయమని కూడా చెప్పాలి కదా. రేడియేటర్ నీళ్లలో తుప్పు, తుప్పు పట్టకుండా వేసే మందు కలిసి ఉంటాయి. అవి వెనక్కి వచ్చి తాగే నీళ్లలో కలవకూడదనే 1999 నాటి నీటి ఫిట్టింగుల నిబంధనల ప్రకారం ఆ లూప్ నింపేటప్పుడు మాత్రమే తగిలించాలి. విప్పేసి రెండు చివర్లకీ మూతలు బిగించాలి. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తున్నారు. వాల్వ్ కొంచెం కారినా ప్రెషర్ దానంతటదే పెరిగిపోతుంది.

వూస్టర్ బాష్ కంపెనీ బాయిలర్ ఉన్నవాళ్లకి ఇలాంటి గొట్టం కనిపించకపోవచ్చు. కొన్నిటికి కింద నీలం లీవరు ఉంటుంది, కిందికి లాగి పట్టుకుంటే నిండుతుంది, వదిలితే ఆగుతుంది. కొన్నిటికి తెల్ల ప్లాస్టిక్ తాళంచెవి పెట్టి తిప్పాలి. పైకప్పు కింద చిన్న నీళ్ల ట్యాంకు ఉండే పాత పద్ధతి హీటింగ్‌కి ఇదేదీ వర్తించదు.

ప్రశ్న అడిగినవారు:
1.3కి నింపాను, హీటింగ్ వచ్చింది, గొట్టం కూడా విప్పేశాను. కానీ రాత్రి హీటింగ్ నడుస్తున్నప్పుడు ముల్లు 2.9 దాకా వెళ్లింది. పొద్దున చల్లారాక 0.6 ఉంది. రేడియేటర్ల దగ్గర ఎక్కడా తడి లేదు. రోజూ నింపుకుంటూ పోవచ్చా?

హీటింగ్ ఇంజనీర్:
రోజూ నింపొద్దండీ. కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. రేడియేటర్లు లోపల తుప్పు పట్టి నల్లటి బురద తయారై, బాయిలర్ లోపల నీళ్లు వేడెక్కే భాగమైన హీట్ ఎక్స్చేంజర్‌లో పేరుకుంటుంది. తుప్పు పట్టకుండా కలిపిన మందు కూడా పలచబడిపోతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు నింపడం మామూలే, వారానికోసారి అవసరమైతే లోపం ఉన్నట్టే.

మీరు రాసిన అంకెల్లోనే జవాబు ఉంది. మామూలు లీకైతే వేడెక్కినప్పుడు అంత పైకి పోదు. 10 డిగ్రీల నుంచి 80కి వేడెక్కితే 100 లీటర్ల నీళ్లు దాదాపు 3 లీటర్లు పెరుగుతాయి. ఆ పెరుగుదలకి చోటివ్వడానికే బాయిలర్‌లో ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు గాలి, ఇంకోవైపు నీళ్లు. గాలి దిగిపోతే పెరిగిన నీళ్లకి చోటుండదు. ప్రెషర్ 3కి చేరుతుంది, సేఫ్టీ వాల్వ్ బయటికి వదిలేస్తుంది, చల్లారాక గేజ్ పడిపోతుంది.

నిర్ధారణకి బయట గోడ చూడండి. సేఫ్టీ వాల్వ్ వదిలే నీళ్లు వచ్చే 15 మి.మీ. రాగి గొట్టం ఒకటి బాయిలర్ వెనకవైపు బయటికొచ్చి కిందికో గోడవైపుకో వంగి ఉంటుంది. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు దాని చివర ఒక ప్లాస్టిక్ సంచిని రబ్బరు బ్యాండుతో వదులుగా తగిలించి ఒక రాత్రి ఉంచండి. వచ్చేవి కాలే నీళ్లు, పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి. పొద్దున సంచి తీసేయండి.

మూడో వ్యక్తి:
సంచి పొడిగా ఉంటే ఇంకో పరీక్ష ఉంది. బాయిలర్ ఆపి, చల్లారాక, కింద రేడియేటర్లకి వెళ్లే, వచ్చే రెండు పైపుల వాల్వులూ మూసి రాత్రంతా వదిలేయాలి. అప్పటికీ గేజ్ పడిపోతే లీకు బాయిలర్‌లోనే. నిలబడి, వాల్వులు తెరిచాక పడిపోతే పైపుల్లోనో రేడియేటర్లలోనో ఉన్నట్టు. చెక్క నేల కింది పైపుల తడి పైకి కనిపించదు. వాల్వులు తెరవకుండా బాయిలర్ ఆన్ చేయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
సంచిలో గ్లాసుడు నీళ్లున్నాయి.

హీటింగ్ ఇంజనీర్:
అయితే వెసెల్ చూడాలి. అది కవరు లోపలి పని కాబట్టి ఇంజనీరే రావాలి. వచ్చినాయన రేడియేటర్ నీళ్లు వదిలేసి గేజ్ సున్నాకి తెచ్చి, వెసెల్‌కి కారు టైరుకున్నట్టే ఉండే వాల్వ్ దగ్గర గాలి పరీక్షిస్తారు. అక్కడ నొక్కితే నీళ్లొస్తే రబ్బరు పొర చినిగింది, వెసెల్ మార్చాల్సిందే. ఏమీ రాకపోతే పంపుతో మాన్యువల్‌లో చెప్పినంత, సాధారణంగా 0.75 నుంచి 1 బార్ గాలి పట్టిస్తే సరిపోతుంది. సేఫ్టీ వాల్వ్ కూడా మార్చమని అడగండి. ఒకసారి తెరుచుకున్న వాల్వ్ సీటు మీద నలుసు చేరితే మళ్లీ గట్టిగా మూసుకోదు. వెసెల్ బాగు చేసినా కారుతూనే ఉంటుంది.

ఏజెంటుకి ఫోనుతో వదిలేయకుండా ఈమెయిల్ పెట్టండి. చల్లగా 0.6, వేడిగా 2.9, బయట గొట్టంలో నీళ్లు అని గేజ్ ఫొటోలతో రాయండి. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు మరమ్మతులో ఉంచాల్సిన బాధ్యత ఓనర్‌దే. ఇంట్లో చిన్నపిల్లలున్నారని మొదటి వరుసలోనే రాయండి. అప్పటిదాకా 1 బార్ వరకే నింపి, రేడియేటర్ల వేడి 55 డిగ్రీలకు తగ్గించి వాడుకోండి. నీళ్లు తక్కువ పెరుగుతాయి, కారడమూ తగ్గుతుంది.