కథల పత్రికను పెట్టెలోనో, రెండు ముఖాల పుస్తకంగానో తిరుపతిలో వేయించగలమా?

అలిపిరి_పాఠకురాలు (తిరుపతి):

అందరికీ నమస్కారం. మేం నలుగురం స్నేహితులం కలిసి ఏడాదికొక సంచికగా కొత్త కథల పత్రిక తేవాలనుకుంటున్నాం. ఇంతవరకు ఎక్కడా అచ్చు కాని కథలే వేస్తాం. మొదటి సంచిక 300 కాపీలు. కథలు చాలావరకు వచ్చేశాయి. సలహా కావలసింది పత్రిక ఆకారం గురించి.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 'మెక్‌స్వీనీస్' అనే త్రైమాసిక కథల పత్రిక వస్తుంది. 1998లో డేవ్ ఎగర్స్ మొదలుపెట్టారు. మొదటి సంచికలో ఇతర పత్రికలు తిప్పి పంపిన రచనలే వేశారు. అప్పటి నుంచి ఒక సంచికలా ఇంకొకటి ఉండదు. 4వ సంచిక ఒక పెట్టె, అందులో 14 చిన్న పుస్తకాలు. 17వది చూస్తే పోస్ట్‌మ్యాన్ తెచ్చిచ్చిన ఉత్తరాల కట్టే. 33వ సంచికను 2009 డిసెంబరులో అచ్చం దినపత్రికలా, పెద్ద కాగితాల మీద, 300 పేజీలకు పైగా వేశారు. 36వది మనిషి తల బొమ్మ అచ్చేసిన పెట్టె.

16వ సంచికలో రెండు వస్తువులు ఇచ్చారు: ఒక దువ్వెన, ఒక పేకముక్కల కట్ట. దువ్వెన నన్ను ఆకట్టుకోలేదు. పేకముక్కలు మాత్రం వదలడం లేదు. అవి అమెరికా రచయిత రాబర్ట్ కూవర్ రాసిన కథ. మొదటి ముక్క, చివరి ముక్క తప్ప మిగతావాటిని ఎలా కలిపి చదివినా కథ నడుస్తుంది. ఆ కథను మామూలు పేజీల్లో వేస్తే అది ఆ కథ కాదు. ఆకారం అంటే నాకు కావలసింది అదే.

మాకు వచ్చిన వాటిలో ఒక కథ కొండ బస్సు డ్రైవర్ది. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు కదా. 1944లో వేసిన పాత దారి ఇప్పుడు దిగడానికే. ఈ కథలో ఎక్కేటప్పుడు ఒక మనిషి, దిగేటప్పుడు వేరే మనిషి అన్నట్టు ఉంటాడు డ్రైవర్. ఒక అట్ట వైపు నుంచి ఎక్కే కథ, పుస్తకం తిప్పి తలకిందులు చేస్తే రెండో అట్ట నుంచి దిగే కథ, రెండూ మధ్యలో కలవాలి. రచయితను అడిగితే చాలా సంతోషపడ్డారు.

ఇలాంటిది తిరుపతి, చిత్తూరు ప్రెస్సుల్లో అవుతుందా? ఒక ప్రెస్సులో అడిగితే 'మామూలుగా వేసుకోండమ్మా, ఎందుకీ టెన్షన్' అన్నారు. మామూలుగా వేయడం నాకు ఇష్టం లేదు.

కుట్టుపని_చిత్తూరు:

అవుతుందమ్మా, నిశ్చింతగా ఉండండి. నేను బైండింగ్ పనిలోనే పెరిగిన వాణ్ణి.

మీరు పుస్తకాల ప్రెస్సుకు పోయారు. పోవలసింది పెళ్లి కార్డులు వేసే వాళ్ల దగ్గరికి. తలుపుల్లాగా తెరుచుకునే కార్డు, కిటికీ కోసిన కార్డు, చుట్టగా చుట్టే కార్డు, చిన్న పెట్టెలో పెట్టిచ్చే కార్డు, ఇవన్నీ మన ఊర్లలో రోజూ చేస్తున్న పనులే. డై కటింగ్ (అచ్చుతో ఆకారం కోయడం), క్రీజింగ్ (మడతకు గీత నొక్కడం), ఫాయిల్ (మెరుపు రేకు అద్దడం) చేతికి అలవాటైన వాళ్లు ఉన్నారు. ఆషాఢంలో పోండి, మూఢం ఉన్నప్పుడు పోండి. ముహూర్తాలు లేనప్పుడు మిషన్లు ఖాళీగా ఉంటాయి, మీ పని మీద మనసు పెట్టి చేస్తారు, రేటు కూడా తగ్గుతుంది.

మీ రెండు ముఖాల పుస్తకానికి జాస్తి ఖర్చేమీ లేదు. పేజీలు పేర్చేటప్పుడు సగం తలకిందులుగా పెడతారు, అంతే. బైండింగ్ మామూలుదే. మొత్తం పేజీలు 16తో భాగం పోయేట్టు చూసుకోండి, ఫారం (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు) వృథా కాదు. ఎక్కే కథ, దిగే కథ సమానంగా ఉండాలని ఏం లేదు. అయితే ఒకటి గుర్తు పెట్టుకోండి: ఈ పుస్తకానికి వెనక అట్ట ఉండదు. ధర, బార్‌కోడ్ ఎక్కడ వేస్తారో ముందే అనుకోండి. లేకపోతే ఆఖరి రోజు ఎవరో ఒకరు మంచి బొమ్మ మీద దాన్ని అతికిస్తారు.

పేకముక్కల ఆలోచన ఉంటే దానికి విడిగా కాగితం కొనొద్దు. కవర్‌కు వాడే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) ఆర్ట్ బోర్డ్ షీట్‌లో పక్కన చోటు మిగులుతుంది. డిజైన్ చేసే అమ్మాయినో అబ్బాయినో ముందే ప్రెస్సుకు తీసుకుపోయి షీట్ కొలత చూపించండి. ముక్కలు అందులోనే సర్దుకోవచ్చు.

పెట్టె సంగతికి వస్తే, 300 పెట్టెలకు గట్టి అట్టతో చేతిపని పెట్టెలు వద్దు. మిఠాయి డబ్బాలు చేసేవాళ్ల దగ్గర డ్యూప్లెక్స్ బోర్డ్‌తో మడత పెట్టెలు చేయించండి. డై ఒకసారి చేయిస్తే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. మంచి కాగితం కావాలంటే చెన్నై ప్యారిస్‌లో ఆండర్సన్ వీధి, పొద్దున పోతే రాత్రికి వచ్చేయచ్చు.

రబ్బర్ బ్యాండ్ మాత్రం వేయకండి. ఆ అమెరికా పత్రిక 7వ సంచికకు చిన్న పుస్తకాలన్నీ అట్టలో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేశారని విన్నాను. మన ఎండలకు రబ్బరు జిగటగా అయిపోయి అట్టకు అంటుకుంటుంది, తర్వాత తెగుతుంది. నూలు నాడా కట్టండి. ఇంకా ఒక మాట, కాగితం నార (పీచు సాగే దిశ) పుస్తకం వీపుకు, అంటే బైండింగ్ అంచుకు, సమాంతరంగా ఉండేట్టు కోయించండి. అడ్డంగా ఉంటే పుస్తకం తెరిచినా మూసుకుంటానే ఉంటుంది. ఈ ఒక్కటీ అడిగితే ప్రెస్సు వాళ్లు మిమ్మల్ని వేరే రకంగా చూస్తారు.

గ్రంథపాలకుడు_మదనపల్లె:

కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను కాబట్టి ఒక కోరిక. విడి ముక్కలు ఎన్ని పెట్టినా, ప్రతి ముక్క మీదా పత్రిక పేరు, సంచిక సంఖ్య, మొత్తంలో అది ఎన్నోదో అచ్చు వేయండి. పెట్టెలో పది చిన్న పుస్తకాలు వస్తే, ఆర్నెల్లలో ఆరు మిగులుతాయి. పోయినవి ఏవో తెలిస్తే అడిగి తెప్పించుకోవచ్చు.

ఇది మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. మీ ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధనా సంస్థలో తాళపత్రాలు ఉన్నాయి. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. ఆకులకు రంధ్రం చేసి తాడు గుచ్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కడతారు. తాడు తెగితే వరస తెలియాలి గనక ఆకు అంచున సంఖ్య వేస్తారు. కథను విడి ఆకులుగా ఇవ్వడం మనకు కొత్త కాదు. మీ డిజైనర్ అమెరికా సంచికలతో పాటు వీటినీ చూడాలని నా గట్టి కోరిక. అట్లాగే శ్రీకాళహస్తి కలంకారీ తెరల్లో గడులు గడులుగా కథ నడుస్తూ, బొమ్మ కింద తెలుగులో రాత ఉంటుంది. మడతలు విప్పుకుంటూ చదివే కథకు అంతకంటే మంచి నమూనా నాకు తోచడం లేదు.

ఏడాదికొక సంకలనంగా వేస్తే ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోండి. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. నంబర్ ఉంటే మాలాంటి వాళ్లకు కొనడం సులువు.

పీలేరు_కథకుడు:

నేను రాసేవాణ్ణి. ఆకారం మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు లోపలి పేజీ మీద కూడా అంతే పెట్టాలి. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషు పుస్తకం కొలతతో వరసల మధ్య ఎడం ఇస్తే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. నా కథ అట్లా అచ్చయినప్పుడు చదవడానికి నాకే కష్టమైంది. యూనికోడ్‌లో కథలు తీసుకుని ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు పెడితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టమని చెప్పండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చి వేస్తే మార్చిన తర్వాత మళ్లీ ప్రూఫ్ రచయితకు పంపండి. చిన్న అక్షరాలకు ఫాయిల్ వద్దు, ఒత్తుల సందులు పూడుకుపోతాయి.

ఇంకొకటి. ఆకారానికి సరిపోయేలా కథ రాయమని ఎవరినీ అడక్కండి. డ్రైవర్ కథ ముందు వచ్చింది, ఆకారం తర్వాత తోచింది. ఆ వరస నాకు నచ్చింది. మిగతా కథలు ఏమీ అడగకపోతే వాటిని మామూలు పేజీల్లో శుభ్రంగా వేయండి.

అలిపిరి_పాఠకురాలు:

ముగ్గురికీ ధన్యవాదాలు. పెట్టె ఈ ఏడాదికి వదిలేస్తున్నాం. డ్రైవర్ కథను రెండు ముఖాల చిన్న పుస్తకంగా, మిగతా కథలన్నీ ఒకే పుస్తకంగా వేసి, రెండింటినీ నూలు నాడాతో కడతాం. రెండింటి మీదా సంచిక సంఖ్య ఉంటుంది. ధర, బార్‌కోడ్ పెద్ద పుస్తకం వెనక అట్ట మీద వేస్తాం, చిన్నదానికి రెండు వైపులా బొమ్మే.

కుట్టుపని గారూ, ఆషాఢానికి ముందే డమ్మీ ఒకటి తెల్ల కాగితంతో కట్టి చూడాలనుకుంటున్నాం. చిత్తూరు వస్తే నాడా ఎక్కడ గుచ్చాలో చూపిస్తారా?