అలసిన భుజంతో గురి తప్పడం: లోపం కండరంలోనా, స్థానాన్ని గుర్తించే స్పృహలోనా?

నేను రికర్వ్ విల్లుతో (చివరలు ముందుకు వంగి ఉండే విల్లు) 70 మీటర్ల దూరానికి సాధన చేస్తున్నాను. 122 సెంటీమీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే కనుక, చేతిలో కలిగే అతి చిన్న తేడా కూడా అక్కడ పెద్దదై కనిపిస్తుంది. 72 బాణాల రౌండులో సగం వరకు నా బాణాలు దగ్గరదగ్గరగా పడతాయి. ఆ తరువాత అవి చెల్లాచెదురు కావడమే కాక, మొత్తంగా కిందికి జారుతున్నాయి.

అలసిన కండరం అదే బలాన్ని నిలుపుకోవడానికి మరిన్ని మోటార్ యూనిట్లను (ఒక నాడీకణం, అది నడిపే కండర తంతువులు కలిసిన సమూహం) పనిలోకి దింపవలసి వస్తుందని, అందువల్ల వణుకు పెరుగుతుందని, కీలు ఏ కోణంలో ఉందో తెలిపే స్పృహ కూడా మందగిస్తుందని చదివాను. బాణాలు చెదరడానికి వణుకు కారణం కావచ్చు గానీ, ఒకే దిక్కుకు జారడాన్ని అది వివరించలేదు కదా! విల్లు పట్టిన ఎడమ భుజం వాలుతున్నట్లు నాకు ఏమాత్రం అనిపించదు; వీడియోలో మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

శరీరధర్మశాస్త్రం గానీ విలువిద్య శిక్షణ గానీ తెలిసినవారు దయచేసి చెప్పగలరు: కళ్లు మూసుకొని చేతిని ఒకే ఎత్తుకు పదేపదే లేపుతూ, అలసటకు ముందూ తరువాతా ఆ ఎత్తులను కొలిస్తే, కండరంలోని లోపాన్నీ, స్థానాన్ని గుర్తించే స్పృహలోని లోపాన్నీ విడదీసి చూడగలనా? సాధనలో ముందుగా భుజబలం పెంచుకోవాలా, లేక బాణాల సంఖ్య తగ్గించాలా?