ఫ్రీస్టాండింగ్ బాత్‌టబ్ పెట్టిద్దామనుకుంటున్నాం, అక్రిలిక్ మేలా, స్టోన్ రెసిన్ మేలా?

నీలిటైల్స్:
బాత్రూమ్ మొత్తం పగలగొట్టి కొత్తగా చేయిస్తున్నాం. పై అంతస్తు, కాంక్రీటు శ్లాబు. గది లోపలి కొలత 2.7 మీటర్లు, 2.1 మీటర్లు. గోడకి ఆనకుండా విడిగా నిలబడే టబ్ కావాలని మా ఆవిడకి ఎప్పట్నుంచో కోరిక, నాకూ ఇష్టమే. రెండు నచ్చాయి, రెండూ 1700 మి.మీ. పొడవు, 750 వెడల్పు. ఒకటి అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్), ఇంకోటి స్టోన్ రెసిన్ (రాతి పొడిని రెసిన్ జిగురుతో కలిపి పోత పోసింది). షోరూమ్ అతన్ని తేడా ఏంటని అడిగితే "లుక్ మీకు ఏది నచ్చితే అది సార్" అని ఊరుకున్నాడు. ఆ మాట కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు కదా.

ఇంకో రెండు విషయాలు. ఇప్పుడున్నది 25 లీటర్ల గీజర్, అది సరిపోతుందా? మా అమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. స్థలం కలిసొస్తుందని షవర్ కూడా టబ్‌లోనే పెట్టేద్దామని ఒక ఆలోచన. వాడుతున్నవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

పైపులపని:
మెటీరియల్ సంగతి తర్వాత, ముందు నీళ్ళ లెక్క చూడండి. ఈ సైజు టబ్బులు ఓవర్‌ఫ్లో రంధ్రం దాకా సుమారు 200 నుంచి 250 లీటర్లు పడతాయి. మనిషి కూర్చుంటే నీళ్ళు పైకి లేస్తాయి కాబట్టి అంతా నింపక్కర్లేదు, 150 అనుకుందాం. ఒళ్ళు వెచ్చగా ఉండాలంటే 40 డిగ్రీల దగ్గర ఉండాలి. గీజర్‌లో 60 డిగ్రీలు, కుళాయిలో 20 డిగ్రీలు ఉంటే సగం వేడివి, సగం చల్లవి. అంటే 75 లీటర్ల వేడినీళ్ళు ఒకేసారి కావాలి. మీ 25 లీటర్లది అందులో మూడో వంతు. అది కూడా కాగితం మీదే, ఎందుకంటే వేడినీళ్ళు వాడేకొద్దీ లోపలికి చల్లనీళ్ళు వచ్చి కలుస్తాయి. రెండోసారి కాగేలోపు మొదట పోసినవి చల్లారిపోతాయి. 100 లీటర్ల స్టోరేజ్ హీటర్ అయినా పెట్టించండి, లేదా ఆ పని చేయగల ఇన్‌స్టంట్ హీటర్ అయినా చూసుకోండి. దానికి కరెంటో గ్యాసో లైను సరిపోతుందా అన్నది టైల్స్ వేసే ముందే తేల్చుకోవాలి. ఈ ఒక్కటి కుదరకపోతే టబ్ బట్టలు నానబెట్టుకోడానికే పనికొస్తుంది.

రెండోది తూము. విడిగా నిలబడే టబ్‌కి ట్రాప్, అంటే తూము కింద నీళ్ళు నిలిచే వంపు, చాలాసార్లు నేల లోపలే ఉండాలి, ఎందుకంటే టబ్ అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ కొద్దిగానే ఉంటుంది. వాసన రాకుండా ట్రాప్‌లో 50 మి.మీ. నీళ్ళు నిలబడాలి, అక్కడి నుంచి 40 మి.మీ. పైపు మంచి వాలుతో పోవాలి. శ్లాబు కిందకి దించి కట్టారా లేదా అన్నదాని మీద సగం కథ ఉంటుంది. దించకపోతే ఆ మూల నేల ఎత్తు పెంచాలి, అప్పుడు టబ్ ముందు మెట్టు వస్తుంది.

తడికాళ్ళు:
మా ఇంట్లో అక్రిలిక్‌దే ఉంది, నాలుగేళ్ళుగా వాడుతున్నాం. మెటీరియల్ గురించి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తాను. అక్రిలిక్ తేలిక, 40, 50 కిలోలు ఉంటుంది, ఇద్దరు మనుషులు మెట్ల మీంచి ఎత్తుకొచ్చేస్తారు. ఒంటికి తగిలితే చల్లగా అనిపించదు. గీతలు పడతాయి కానీ పైపైవి పాలిష్ చేస్తే పోతాయి. గరుకు పీచు, ఘాటు యాసిడ్, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. స్టోన్ రెసిన్‌ది చెయ్యి పెడితే ముందు చల్లగా ఉంటుంది, కానీ ఒకసారి వేడెక్కాక ఎక్కువసేపు నిలుపుకుంటుంది. గంటసేపు పుస్తకం పట్టుకుని పడుకునే రకమైతే అది మేలు. పావుగంటలో లేచిపోయే మాలాంటివాళ్ళకి ఆ తేడా తెలియదు.

అక్రిలిక్‌లో చూడాల్సింది అడుగు. షోరూమ్‌లో చెప్పులు విప్పి ఎక్కి నిలబడండి, మడమతో మధ్యలో గట్టిగా నొక్కండి. లొత్తగా దిగినట్టు, కిరకిరమన్నట్టు అనిపిస్తే పక్కన పెట్టేయండి. తర్వాత పడుకోండి, సిగ్గుపడక్కర్లేదు. బయట 1700 అని రాస్తారు గానీ అటూ ఇటూ అంచులు, ఏటవాలు పోగా లోపల అడుగున 1200 మిగిలితే ఎక్కువ. మీ ఆవిడ, మీరు ఇద్దరూ పడుకుని చూడండి, మడమలు అవతలి గోడకి తన్నిపెట్టుకుంటే శరీరం జారదు. పొట్టివాళ్ళకి పెద్ద టబ్ పెడితే మాటిమాటికీ గడ్డం దాకా జారిపోతారు.

ఇంకోటి, వీటికి అంచు సన్నగా ఉంటుంది. సబ్బు పెట్టుకోడానికి చోటుండదు! గోడలో గూడు కట్టిస్తారో పక్కన చిన్న స్టూల్ వేసుకుంటారో, ఇప్పుడే అనుకోండి.

శ్లాబుమనిషి:
బరువు గురించి. స్టోన్ రెసిన్‌వి మోడల్‌ని బట్టి 100 నుంచి 180 కిలోల దాకా ఉంటాయి. పోత ఇనుముది కూడా ఆ వరసే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీది 130 అనుకుందాం, దానికి 220 లీటర్ల నీళ్ళు, అంటే 220 కిలోలు. అందరూ దీనికి మనిషి బరువు కూడా కలుపుతారు. నిజానికి మనిషి దిగితే దాదాపు అంత బరువు నీళ్ళు ఓవర్‌ఫ్లోలోంచి పోతాయి, కాబట్టి నిండుగా ఉన్నప్పుడు మొత్తం 350కి కాస్త పైన ఉంటుంది. అయినా కలుపుకుని లెక్కేసుకుంటే నష్టం లేదు.

మామూలుగా ఇళ్ళ శ్లాబులు చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడుక బరువు లెక్కన డిజైన్ చేస్తారు. టబ్ కింద ఆ చిన్న చోట అంతకంటే ఎక్కువే పడుతుంది గానీ గది మొత్తం మీద పంచితే పెద్ద భారం కాదు. బాగా కట్టిన కాంక్రీటు శ్లాబు మీద సాధారణంగా ఇబ్బంది రాదు. కానీ పాత ఇల్లు, చెక్క దూలాల నేల, పగుళ్ళు కనిపిస్తున్న శ్లాబు అయితే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించకుండా ముందుకెళ్ళకండి. నాలుగు కాళ్ళ టబ్ అయితే బరువంతా నాలుగు చుక్కల మీద పడుతుంది, దించిన శ్లాబులో ఇటుకముక్కలు వదులుగా నింపి ఉంటే ఒక కాలు దిగి టైల్ పగులుతుంది.

నేల వాలు సంగతి పైన ఎవరూ అనలేదు. బాత్రూమ్ నేల తూము వైపు వాలుగా ఉంటుంది కదా, టబ్ మాత్రం రసమట్టం పెడితే సమంగా ఉండాలి. లేకపోతే నీళ్ళు వదిలాక ఒక మూల ఎప్పుడూ కాస్త నిలిచిపోతాయి, అక్కడే పసుపు మరక కడుతుంది. టబ్ కింద చోటు సమంగా చేసి, మిగతా నేలకే వాలు ఇవ్వమని మేస్త్రీకి ముందే చెప్పండి.

గోడపక్షం:
నాది అందరికీ నచ్చని మాట. 2.7 × 2.1 గదిలో విడి టబ్ ఎందుకండీ? దాని చుట్టూ చెయ్యీ మాపూ పట్టేంత, కనీసం 15 సెంటీమీటర్లయినా వదలాలి, లేకపోతే వెనక పేరుకునే జుట్టు, నురగ మరకలు ఎవరు తీస్తారు? షోరూమ్ ఫోటోల్లో ఆ వెనక భాగం చూపించరు. ముందు నుంచి చూస్తే అచ్చం విడి టబ్‌లాగే ఉండి, వెనక వైపు తిన్నగా గోడకి ఆనించేవి వస్తున్నాయి. ఆ గోడ అంచుకి సిలికాన్ వేస్తే సరి. కుళాయి కూడా గోడకే పెట్టొచ్చు.

షవర్ మాత్రం అందులో వద్దు. నాలుగు వైపులా కర్టెన్ వేసుకుంటే తడి ప్లాస్టిక్ ఒంటికి అతుక్కుంటుంది, వేయకపోతే గదంతా స్నానం చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం మీ అమ్మగారు. ఈ టబ్బుల అంచు 55 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు తడి నేల మీద ఒంటికాలి మీద నిలబడి అంత ఎత్తు దాటాలా?

నీలిటైల్స్:
అందరికీ థ్యాంక్స్. అమ్మ విషయం చదివాక షవర్ విడిగానే అని తేలిపోయింది. గదికి ఒక చివర 90 సెంటీమీటర్లు గడప లేకుండా వదిలి, గోడకి పట్టుకునే కడ్డీ, కూర్చోడానికి పలక పెట్టిస్తాం. రెండో చివర 2.1 గోడ పొడవునా టబ్. అటూ ఇటూ 20 సెంటీమీటర్లు మిగులుతాయి. వెనక గోడకి ఆనించేదాన్ని మా ఆవిడ ఒప్పుకునేలా లేదు, "మరి ఇంత కష్టం ఎందుకు పడుతున్నట్టు" అంటోంది. కాబట్టి అక్రిలిక్, గోడ నుంచి 15 వదిలి. అలా వదిలినా టబ్‌కీ షవర్‌కీ మధ్య 90 ఉంటుంది. హీటర్ 100 లీటర్లది. నేల మీంచి లేచే కుళాయి బాగుంటుంది అనిపిస్తోంది, పెట్టొచ్చా?

పైపులపని:
పెట్టొచ్చు, కానీ దాన్ని టైల్ మీద స్క్రూలతో బిగించి వదిలేస్తే ఊగుతుంది. దాని అడుగు భాగం కాంక్రీటులో బిగించాలి, అంటే టైల్స్ కంటే ముందే కుళాయి కొని సైటులో ఉండాలి. మీకు చోటు తక్కువ కాబట్టి గోడ కుళాయే సులువు, ధార టబ్ లోపల పడేంత పొడుగు ముక్కుది తీసుకోండి. 15 సెంటీమీటర్లు ఎడం ఉంది, అంచు దాటాలి, మామూలు ముక్కు అందదు. చేతి షవర్ ఉంటే వెనక్కి నీళ్ళు లాగకుండా వాల్వ్ ఉందో లేదో చూడండి, టబ్‌లో మునిగి ఉన్నప్పుడు ప్రెషర్ పడిపోతే మురికినీళ్ళు లైన్లోకి పోతాయి.

తూము రంధ్రం బ్రోచర్ బొమ్మ చూసి కొట్టించకండి. టబ్ తెప్పించి, ఉండాల్సిన చోట పెట్టి, తలుపు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూసి, అప్పుడు నేల మీద గుర్తు పెట్టించండి. ఆఖరి చోటుకి తోసే ముందు నిండా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదిలి, జాయింట్ల కింద పొడి కాగితం పెట్టి చూడండి. తడిస్తే అప్పుడే బిగించుకోవచ్చు, ఒకసారి కూర్చోబెట్టాక చెయ్యి పట్టదు.