కోబాల్ట్ గాజులోంచి చూసినా పొటాషియం ఊదారంగు తేలడం లేదు, ఏం చేయాలి?

చెన్నైలో ప్లస్ టూ పిల్లలకు సాల్ట్ అనాలిసిస్‌లో జ్వాలా పరీక్ష (లవణంలో ఏ లోహం ఉందో మంట రంగును బట్టి గుర్తించడం) చేయిస్తున్నాం. నిక్రోమ్ తీగను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, మంటకు ఏ రంగూ అంటనంతవరకు కాలుస్తున్నాం. తర్వాత వాచ్ గ్లాసులో చిటికెడు లవణం, రెండు చుక్కల ఆమ్లం కలిపి, ఆ ముద్దను తీగతో తీసి మంటలో పెడుతున్నాం. క్లోరైడ్‌లు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి రాగి, కాల్షియం బాగానే పలుకుతున్నాయి. బేరియం లేతాకుపచ్చకు మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

చిక్కంతా పొటాషియంతోనే. దాని వెలుగులోని 766, 770 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల గీతలు కంటిచూపు అంచున ఉంటాయి. 589 దగ్గరి సోడియం పసుపు రవ్వంత చేరినా వాటిని మింగేస్తుంది. పసుపును అడ్డుకునే ఈ నీలి కోబాల్ట్ గాజు ఒకటి పెడితే పసుపు ఇంకా తొంగిచూస్తోంది, రెండు పెడితే మంటే కనిపించడం లేదు. తీగ పెట్టిన మొదటి ఒకటి రెండు క్షణాల్లోనే చూడమని పిల్లలకు చెబుతున్నాం, ఎందుకంటే పొటాషియం క్లోరైడ్ ఇట్టే ఎగిరిపోతుంది.

సోడియం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆమ్లాన్ని పలచన చేసేది క్యాన్ నీళ్లతో, డిస్టిల్డ్ వాటర్ కాదు. నా అనుమానం ముందు దానిమీదే, ఆ తర్వాత తీగను పట్టుకునే చెమట వేళ్లమీద. ప్లాటినం తీగ కొనకుండా దీన్ని సరిచేయవచ్చా?

ఇంకొకటి. లిథియం, స్ట్రాన్షియం రెండూ ఎర్రగానే మండుతాయి. డీవీడీ ముక్కతో చేసిన స్పెక్ట్రోస్కోపులో (వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం) స్ట్రాన్షియం 460.7 నానోమీటర్ల నీలి గీత కనబడాలంటే వెలుగు లోపలికి వచ్చే చీలిక ఎంత సన్నగా ఉండాలి? బర్నర్ నీలి వెలుగులో అది కలిసిపోకుండా మంటలో ఏ భాగాన్ని చూడాలి? చేసి చూసినవాళ్లు చెప్పగలరు.