రోజువారీ అమ్మకాల డేటా సప్లయర్లకు ఉచితంగా ఇవ్వాలా, అమ్మాలా?

కౌంటర్_లెక్క
రిటైలర్ వైపు నుంచి ప్రశ్న. ఇప్పుడు సప్లయర్లకు వెళ్తున్నవి ఆర్డర్లు, నెలకోసారి మొత్తం అమ్మకాల షీటు, అంతే. స్టోరువారీగా రోజూ అమ్మకాలు, స్టాకు ఇవ్వాలన్నది ప్రతిపాదన. ఫైనాన్స్ వాళ్లు రుసుము పెట్టమంటున్నారు. కొనుగోలు విభాగం అసలు ఇవ్వొద్దంటోంది. మీరేమంటారు?

గోడౌన్_గురు
ఉచితంగానే ఇవ్వాలి. ఆర్డరు వేరు, గిరాకీ వేరు. రోజుకు 10 పీసులు పోయే సరుకును 24 పీసుల కేసులు రెండేసి చొప్పున తెప్పిస్తే, సప్లయర్‌కి నాలుగు రోజులు సున్నా, ఐదో రోజు 48 కనిపిస్తుంది. పంపిణీ కేంద్రం దాన్ని మళ్లీ ప్యాలెట్ల (కేసులు పేర్చే పలకల) లెక్కకు సర్దుతుంది. నిలకడగా ఉన్న అమ్మకం ఫ్యాక్టరీకి చేరేసరికి ఎగుడుదిగుడవుతుంది. వాల్‌మార్ట్ 1991లోనే రిటైల్ లింక్ అనే తన సిస్టమ్ ద్వారా సప్లయర్లకు అమ్మకాలు చూపించడం మొదలుపెట్టింది.

బేరం_బాబాయ్
గురు గారూ, ఆ మాట నిజమే. మిగిలేదెంత? కాషోన్, ఫిషర్ అనే పరిశోధకులు 2000లో వేసిన లెక్కలో, సమాచారం పూర్తిగా పంచుకుంటే ఖర్చు సగటున 2.2 శాతం తగ్గింది. సరుకు చేరే వ్యవధిని దాదాపు సగం చేస్తే 21 శాతం, ఒక్కో ఆర్డరు పరిమాణాన్ని సగం చేస్తే 22 శాతం తగ్గింది. ముందు చేయాల్సింది అది కదా! పైగా మనమిచ్చే అమ్మకాల అంకెలు సప్లయర్ ప్లానింగ్ వాళ్ల దగ్గర ఆగవు. వాళ్ల సేల్స్ వాళ్లు మరుసటి ధర చర్చలో వాటినే మన ముందు పెడతారు.

గోడౌన్_గురు
ఆ లెక్కలో గిరాకీ తీరు ముందే తెలుసనుకున్నారండీ. కొత్త సరుకుకీ ప్రమోషన్‌కీ అలా తెలియదు, సరుకు ఖాళీ అయ్యేదీ ఎక్కువగా అక్కడే. బేరం సంగతంటారా, ఎవరి సరుకు అంకెలు వాళ్లకే ఇవ్వండి. ఒక సప్లయర్ రాబోయే ధర రిటైలర్ ద్వారా మరో సప్లయర్‌కి చేరితే చాలా దేశాల్లో పోటీ చట్టం కింద కుమ్మక్కు కేసు అవుతుంది. ఆ గీత మాత్రం దాటకూడదు.

ఫైలు_పిచ్చి
డబ్బు సంగతి తర్వాత. ఫైలు తప్పయితే ఉచితంగా ఇచ్చినా నష్టమే. కంపెనీల మధ్య కంప్యూటర్ పత్రాల ప్రమాణం ఎక్స్12లో అమ్మకాలు, స్టాకు పంపడానికి 852 అనే పత్రం ఉంది, సరే, అందులో ఏం నింపుతారన్నదే అసలు విషయం. చాలామంది అమ్మకం జరిగిన వరుసలే పంపుతారు. అప్పుడు ఒక స్టోరు వరుస లేకపోతే అమ్మలేదనా, డేటా రాలేదనా? స్టాకు ఉన్న ప్రతి సరుకుకీ అమ్మకం సున్నా అయినా వరుస ఉండాలి. చివర్లో స్టోర్ల సంఖ్య, వరుసల సంఖ్య, మొత్తం పీసులు ఇవ్వాలి, సరిపోల్చుకోవడానికి.

రెండోది సవరణలు. కొన్ని స్టోర్ల బిల్లులు ఆలస్యంగా చేరతాయి, అందుకని రోజూ గత 7 రోజులవీ మళ్లీ పంపాలి. సప్లయర్ తేదీ, స్టోరు, జీటిన్ (బార్‌కోడ్‌లో ఉండే సరుకు నంబరు) మూడూ కలిపి చూసి పాత వరుస తీసి కొత్తది పెట్టాలి. కింద చేర్చుకుంటూ పోతే ఒక్కో రోజు అమ్మకం ఏడు రెట్లు కనిపిస్తుంది.

మూడోది కోడ్. కేసు జీటిన్‌లో 14 అంకెలు. మొదటి అంకె కోసేస్తే పీసు కోడ్ వస్తుందనుకుంటారు, రాదు. చెక్ డిజిట్ (కోడ్ సరైనదో కాదో చూసేందుకు చివర ఉండే అంకె) మారుతుంది. కేసుకీ పీసుకీ మధ్య పట్టిక విడిగా ఉంచాల్సిందే. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నాలు పోతాయి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గానే దిగుమతి చేసుకోండి. రిటర్నులు కూడా వేరే కాలమ్‌లో ఉండాలి, అమ్మకంలోంచి తీసేసి ఇవ్వకూడదు.

చిన్న_సప్లయర్
పెద్ద కంపెనీకి ఈడీఐ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పత్రాలు పంపే పద్ధతి) టీమ్ ఉంటుంది. 30 సరుకులు అమ్మేవాళ్లకు ఎస్ఎఫ్‌టీపీలో (ఫైళ్లు భద్రంగా పంపే పద్ధతి) రోజుకో సీఎస్‌వీ (సాదా పట్టిక ఫైలు) చాలు. రుసుము పెడితే ముందు తప్పుకునేది మాలాంటివాళ్లే.

బేరం_బాబాయ్
సరే, సొంత సరుకుల అమ్మకాలు, స్టాకు ఉచితంగా ఇవ్వొచ్చు. మిగతా కంపెనీల పేర్లు లేకుండా ఆ రకం సరుకులన్నిటి అమ్మకాల పోకడ కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. ఇక్కడ నేను తగ్గను.

కౌంటర్_లెక్క
మా స్టాకు అంకెలే నమ్మకంగా లేవు. అవి కూడా ఇవ్వాలా?

ఫైలు_పిచ్చి
ఇవ్వండి, తప్పులు బయటపడేది అప్పుడే. రోజుకు 8 పోయే సరుకు మూడు రోజులు సున్నా, సిస్టమ్‌లో స్టాకు 6 అంటే అల్మారాలో అది లేనట్టే లెక్క. సప్లయర్ ఆ జాబితా పంపితే స్టోరు వాళ్లు లెక్కపెట్టి సరిచేయాలి. స్టాకుతో పాటు దారిలో ఉన్న సరుకు కూడా చూపించండి, లేకపోతే ఒకే అవసరానికి రెండుసార్లు పంపుతారు. ప్రమోషన్ తేదీలు ముందే చెప్పండి. జరిగిపోయిన అమ్మకాలు ఎన్ని చూసినా రాబోయే ప్రమోషన్ తెలియదు.

గోడౌన్_గురు
ఇంకో షరతు పెట్టండి: 60 రోజులు ఫైలు దించుకోని సప్లయర్‌కి పంపడం ఆపేయండి. వాళ్లు ఇప్పటికీ ఆర్డర్లు చూసే తయారుచేస్తున్నట్టు.

చిన్న_సప్లయర్
ఆపే ముందు ఒక మెయిల్ పెట్టండి చాలు. మా దగ్గర ఆ ఫైలు చూసే మనిషి ఒక్కరే ఉంటారు.