డిమెన్షియా ఉన్న పెద్దలతో కలిసి మాత్రల డబ్బా డిజైన్: సెషన్లు ఎలా నడపాలి? (బెంగళూరు)

బీటీఎం_బెంచ్

నమస్తే. గంట కొట్టి, మాట్లాడి గుర్తుచేసే మాత్రల డబ్బా ఒకటి తయారుచేస్తున్నాం. నగరంలోని ఒక డే కేర్ సెంటర్ నుంచి ఆరుగురు పెద్దలు మాతో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. కొందరికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తొలి దశ, కొందరికి మధ్య దశ. అందరూ కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు కుటుంబాలవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ.

ఇప్పటికి ఉన్నది ఇదీ: ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), డీఎఫ్‌ప్లేయర్ మినీ (రికార్డు చేసిన ఆడియో వినిపించే మాడ్యూల్), 3 వాట్ల స్పీకర్, డీఎస్3231 గడియారం చిప్పు, వారానికి 21 గదుల తెల్ల ట్రే, మూతకు రీడ్ స్విచ్ (మూత తెరిచారో లేదో అయస్కాంతంతో పసిగట్టేది). బయటి పెట్టె ఆకారం ఇంకా తేలలేదు.

మామూలు ఇంటర్వ్యూలా అడిగితే "బాగుంది నాయనా" అని ఊరుకుంటారని సెంటర్ వాళ్ళు ముందే హెచ్చరించారు. మరి ఏం అడగాలి? పిల్లలు పక్కన ఉండాలా, వద్దా? సమ్మతి పత్రం మీద సంతకం ఎవరిది? కూతురి గొంతు రికార్డు చేసి పెడితే మేలా?

ఓటీ_దక్షిణ

పెట్టె తేలకముందే అడిగారు, మంచిపని చేశారు. అన్నీ బిగించేశాక పిలిస్తే వాళ్ళు చేయగలిగింది తల ఊపడమే. అందుకే మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోండి: రంగు, మూత, చప్పుడు, మాట, ఇంట్లో పెట్టే చోటు. ఈ ఐదూ వాళ్ళ నిర్ణయాలు. చిప్పులు మీవి. వాళ్ళు స్టీలు డబ్బా కావాలంటే మీ ప్లాస్టిక్ అచ్చు పక్కన పెట్టడానికి సిద్ధంగా ఉన్నారా? లేకపోతే ఆ ప్రశ్న అడగకండి.

సెషన్ పొద్దున టిఫిను తర్వాత, 35–40 నిమిషాలు. సాయంత్రం వద్దు, చాలామందికి తికమక అప్పుడే పెరుగుతుంది. బల్ల దగ్గర ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ప్రతిసారీ అదే గది, అవే కుర్చీలు, మీ తరఫున అవే రెండు ముఖాలు. టీవీ ఆపండి. కళ్ళజోడు, వినికిడి మిషను పెట్టుకున్నారో లేదో ముందే చూడండి. కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చినవాళ్ళతో బటన్ రంగు తేల్చుకోకూడదు కదా.

రంగు చీటీలు అంటించడం, స్క్రీన్ బొమ్మలు చూపడం ఇక్కడ పనికిరావు. "ఇలాంటిది ఉందనుకోండి" అని ఊహించమంటే కష్టం. చేతికి వస్తువు ఇవ్వండి: అట్టతో చేసిన నమూనా, పోపుల డబ్బాలాంటి స్టీలుది, బజారులో దొరికే వారం డబ్బా. మాత్రల బదులు పుట్నాలు వేయండి, నోట్లో వేసుకున్నా ఫరవాలేదు. మింగడం కష్టమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మాత్రం సెంటర్‌ను ముందు అడగండి.

"పోయిన వారం ఎన్నిసార్లు మరిచారు?" అనేది అడగకూడని ప్రశ్న. పోయిన వారాన్ని తవ్వి తీయమని అడగడం అది. "ఇది ఎలా తెరుస్తారమ్మా?" అని అడిగి నోరు మూసుకోండి. మనసులో పది లెక్కపెట్టాకే సాయం. ఒకరు మాట్లాడాలి, రెండోవారు రాయాలి: చెయ్యి మొదట ఎక్కడికి వెళ్ళింది, ఎక్కడ ఆగింది, ఎన్నోసారి చెప్తే తెరుచుకుంది. "బాగుంది నాయనా" కంటే ఈ రాత నమ్మదగినది.

ఎంచుకోమన్నప్పుడు రెండే పెట్టండి. కాసేపాగి కుడిది ఎడమకు మార్చి మళ్ళీ అడగండి. రెండుసార్లూ కుడివైపుదే పట్టుకుంటే అది ఇష్టం కాదు, చేతి అలవాటు.

తెల్ల ట్రే ఇప్పుడే మార్చేయండి. తెల్ల ట్రేలో తెల్ల మాత్ర కనపడదు, లేత తేడాలు పట్టే చూపు ఈ జబ్బులో తగ్గుతుంది. మెరుపు లేని ముదురు నీలం ట్రే పెట్టండి. పూల డిజైన్ వద్దు, పువ్వును ఏరబోయేవాళ్ళుంటారు. 21 గదులు ఒకేసారి కనిపించడం మధ్య దశవాళ్ళకు ఎక్కువ. ఆ పూట గది ఒక్కటే తెరుచుకునే మూత ప్రయత్నించండి.

పిల్లల విషయం. పక్కన కూర్చుంటే "అమ్మకవన్నీ తెలీవండీ" అన్న మాట తప్పకుండా వస్తుంది, ఆమె ఇక నోరు విప్పరు. అదే సమయంలో వేరే గదిలో, వేరే మనిషితో పిల్లల సెషన్ పెట్టండి. కొడుక్కి ఫోన్ అలర్టు కావాలి, తల్లికి అందరి ముందు తిట్లు తప్పాలి. రెండు జాబితాలనూ కలిపి సగటు తీయకండి.

రెండో సెషన్‌కు మొదటిది గుర్తుండకపోవచ్చు. పాత నమూనా, అప్పటి ఫోటో బల్ల మీద పెట్టి, "మీరు మూత గట్టిగా ఉందన్నారు, ఇదిగో వదులు చేశాం" అని చూపండి. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, డిమెన్షియా ఉన్నవాళ్ళతో కలిసి జరిగిన కైట్ అనే డిజైన్ ప్రాజెక్టు (2009లో ప్రచురితం) కూడా చర్చలు, వర్క్‌షాపులు, నమూనాలు అంటూ దశలవారీగానే నడిచింది. చేతి పట్టీ, ఎలక్ట్రానిక్ నోట్‌ప్యాడ్ అలా తేలినవే.

సోల్డర్_మల్లేశ్వరం

స్టీలు డబ్బా మాట వచ్చింది కాబట్టి: ఈఎస్‌పీ32ను దాని లోపల పెడితే వైఫై బయటికి సరిగా రాదు. ట్రే స్టీల్లో ఉండనివ్వండి, ఎలక్ట్రానిక్స్ అంతా కింద ప్లాస్టిక్ పీఠంలోకి.

డీఎఫ్‌ప్లేయర్ ఆర్‌ఎక్స్ (సంకేతం అందుకునే) తీగలో 1 కిలోఓమ్ రెసిస్టర్ వేయండి, లేకపోతే స్పీకర్లో గుయ్‌మని మోత. 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. పాత ఫోన్ చార్జర్‌తో నడిపితే పాట మొదలవగానే బోర్డు రీసెట్ అవుతుంది, ఇంట్లోవాళ్ళు అది "పాడైంది" అనుకుంటారు. కరెంటు పోయినా టైము డీఎస్3231 కాయిన్ సెల్లు మీద నడుస్తుంది, గంట మాత్రం కొట్టదు. దానికి వేరే బ్యాటరీ ఉండాల్సిందే. బోర్డు మీద మిణుకుమనే ఎల్‌ఈడీలకు నల్ల టేపు వేయండి. రాత్రి చీకట్లో నీలం వెలుగు మిణుకుమంటే భయపడేవాళ్ళున్నారు.

మూత తెరిచారంటే మాత్ర వేసుకున్నారని కాదు. లోడ్ సెల్‌తో (బరువు కొలిచే సెన్సర్) చూద్దామని అనిపిస్తుంది, కానీ మాత్ర బరువు కొన్ని వందల మిల్లీగ్రాములే. 1 కిలో లోడ్ సెల్లు, దాని సంకేతం చదివే హెచ్‌ఎక్స్711 చిప్పు జతలో ఎండకూ చలికీ వచ్చే జరుగుడే అంత ఉంటుంది. గదికి అడ్డంగా ఇన్‌ఫ్రారెడ్ కిరణం నయం.

అంతకన్నా పెద్ద ప్రమాదం: మాత్ర తీశాక కూడా గంట మళ్ళీ కొడితే రెండో మోతాదు పడుతుంది. గది ఖాళీ అయిన క్షణమే చప్పుడు ఆగాలి, తర్వాతి పూట దాకా మిగతా గదులు తెరుచుకోకూడదు.

మందుల_కొట్టు_కోరమంగళ

చిన్న చేర్పు. అన్ని మాత్రలూ స్ట్రిప్ విప్పి వేయకూడదు. సోడియం వాల్‌ప్రోయేట్ (మూర్ఛ మందు) లాంటివి గాలిలో తేమ పీల్చుకుంటాయి. పోనీ స్ట్రిప్‌ను ఒక్కో ముక్కగా కత్తిరించి వేద్దామంటే అది ఇంకా చేటు, రేకుతో సహా మింగిన సందర్భాలున్నాయి, అంచులు గొంతు కోస్తాయి. ఏ మందు డబ్బాలోకి వెళ్ళొచ్చో, ఏది ఇంట్లోవాళ్ళే చేతికివ్వాలో ఫార్మసిస్టుతో జాబితా రాయించండి.

ఎథిక్స్_ఫైలు

సంతకం గురించి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, స్వయంగా సమ్మతి ఇవ్వగలవారు స్వయంగానే ఇవ్వాలి. ఇవ్వలేనివారి తరఫున చట్టబద్ధంగా ఆమోదయోగ్యమైన ప్రతినిధి సంతకం చేస్తారు, అయినా ఆ పెద్దమనిషి ఒప్పుదల విడిగా తీసుకోవాలి. చదవడం రానివారికైతే సంబంధంలేని సాక్షి ఎదుట వేలిముద్ర. మొదలుపెట్టే ముందే ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు హాని లేకుండా చూసే సంఘం) అనుమతి తెచ్చుకోండి. కాలేజీ ప్రాజెక్టు కదా అని దాటవేయకండి.

జబ్బు పేరు చూసి "ఇవ్వలేరు" అని ముద్ర వేయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ వైద్యం గురించి చెప్పేదే, పరిశోధన గురించి కాదు. అయినా అందులోని చూపు మీకు పనికొస్తుంది: విషయం అర్థమైందా, పర్యవసానం తెలుస్తోందా, నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలుగుతున్నారా అన్నదే కొలత. మీ పత్రం ఒక పేజీ, పెద్ద అక్షరాలు, డబ్బా ఫోటోతో ఉండాలి.

ఒక్కసారి సంతకంతో అయిపోదు. ప్రతి సెషన్ మొదట్లో మళ్ళీ అడగాలి. ముఖం తిప్పుకోవడం, కొంగు మెలిపెట్టడం, లేచి వాకిలి వైపు నడవడం, ఇవన్నీ "వద్దు" అనడమే. అప్పుడు కాఫీ ఇచ్చి ఆపేయండి. కొడుకు సంతకం ఉందని కూర్చోబెట్టకూడదు.

బీటీఎం_బెంచ్

అందరికీ ధన్యవాదాలండీ. నీలం ట్రే, ప్లాస్టిక్ పీఠం ఖాయం. గొంతు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. దగ్గరివాళ్ళ గొంతైతే ఉలిక్కిపడరని మా ఆలోచన.

సోల్డర్_మల్లేశ్వరం

నేనైతే కూతురి గొంతుకే ఓటు. బీప్ అంటే అది కుక్కరో, ఫోనో, గేటు గంటో తెలియదు. పైగా వయసుతో పోయేది సన్నటి శబ్దాల వినికిడి, కీచు బీప్ అసలు చెవిన పడదు.

ఓటీ_దక్షిణ

బీప్ వద్దన్నది ఒప్పుకుంటా. కూతురి గొంతు మాత్రం మనిషిని బట్టి. ఆమె వేరే ఊళ్ళో ఉంటే, గొంతు విని గదులన్నీ వెతికేవాళ్ళున్నారు. లూయీ బాడీ అనే డిమెన్షియా రకంలో లేనివి కనపడటం మామూలే, అక్కడ ఇంకా జాగ్రత్త.

రెండు గొంతులు రికార్డు చేసి సెషన్‌లోనే వినిపించండి: ఒకటి కూతురిది, ఒకటి తెలియని నెమ్మదైన గొంతు. వినగానే కళ్ళు డబ్బా వైపు తిరిగాయా, వాకిలి వైపు తిరిగాయా చూడండి. వాకిలి వైపైతే ఆ ఇంటికి ఆ గొంతు వద్దు. వాక్యంలో ఒకటే పని: "అమ్మా, పొద్దున ఎనిమిదైంది. మాత్ర వేసుకోండి." అంతే. ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే పిలవాలి.

తర్వాత రెండు వారాలు ఇంట్లో పెట్టి, ప్రతి తెరుపునూ టైముతో లాగ్ చేయండి. పని ఆగిందంటే ముందు ప్లగ్గు చూడండి, మిక్సీ కోసం పీకేసి ఉంటారు. లేదా దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి ఉంటారు, స్పీకర్ రంధ్రాలు పక్కకు పెడితే అది తట్టుకుంటుంది. డబ్బాను దేవుడి గూట్లో పెట్టుకుంటే కదపకండి. ఆ చోటు వాళ్ళు ఎంచుకున్నది, వైరే పొడుగు చేయండి. డబ్బా వెనక్కి తీసుకునే తేదీ, తర్వాత ఏం వాడాలో ముందే ఇంట్లో రాసివ్వండి. అలవాటైన వస్తువు ఒక్కసారిగా మాయమైతే ఆ పూట మందు పోతుంది.