అప్‌డేట్: తమ్ముడు ఇంటికొచ్చాడు, పడిపోకుండా ఏం చేశామంటే

వీపు మధ్యలో వెన్నుపాము దెబ్బతిని, కాళ్లలో స్పర్శ లేని మా తమ్ముడిని ఆసుపత్రి నుంచి తీసుకొస్తే ఇంట్లో పడిపోకుండా ఏం చేయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మెట్ల పక్కన ర్యాంపు కట్టించాం, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. స్థలం దండగని మేస్త్రీ గొణిగాడు, నేను వినలేదు.

అయితే అసలు గండం మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మారేటప్పుడే. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మంచాన్ని కుర్చీ ఎత్తుకు తెచ్చాం. రెండు బ్రేకులూ వేసి, ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పి, ట్రాన్స్‌ఫర్ బోర్డు (మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వేసే నున్నటి పలక) మీదుగా జరుగుతాడు. లేవగానే రక్తపోటు తగ్గి కళ్లు తిరుగుతాయి కాబట్టి ముందు కాసేపు ఆనుకుని కూర్చుంటాడు. కాళ్లు బిగుసుకుని అదిరితే, అది ఆగాకే కదులుతాడు.

స్నానాల గదిలో తువ్వాలు కడ్డీ తీసేసి గోడలోకి దిగిన గట్టి కడ్డీలు పెట్టించాం. అయినా ఒకసారి జారాడు. నొప్పి లేదంటే దెబ్బ లేదని కాదు, స్పర్శ లేని కాలు విరిగినా తెలియదు. వాపు, వేడి, చర్మం ఎరుపు చూసి ఎక్స్‌రే కూడా తీయించాం. ఎముక బాగానే ఉంది.

అమ్మ మాత్రం ఇంకా చంకల్లో చేతులు వేసి లేపబోతుంది. తమ్ముడి భుజాలకు మంచిది కాదన్నా వినదు. ఆవిడను ఒప్పించే ఉపాయముంటే చెప్పండి.